రూలు పోతోంది, గాలి మారలేదు

ఎల్లుండి బుధవారం, అంటే 2022 ఫిబ్రవరి 16 నుంచి, కాలిఫోర్నియాలో టీకా వేయించుకున్నవాళ్ళు నాలుగు గోడల మధ్య మాస్కు పెట్టుకోనక్కర్లేదు. ఒమిక్రాన్ ఉధృతి చూసి డిసెంబర్ 15న మళ్ళీ తెచ్చిన రాష్ట్ర నిబంధన రేపు అర్ధరాత్రితో ముగుస్తోంది. బే ఏరియాలో కౌంటీలన్నీ సరేనన్నాయి, ఒక్క శాంటా క్లారా తప్ప. అంటే మిల్పిటస్‌లో బెండకాయలు ఏరుకుంటున్నప్పుడు ముక్కు మీద మాస్కు ఉండాలి. అదే మనిషి కారెక్కి ఫ్రీమాంట్‌లో ఇంకో కొట్టుకి వెళితే తీసి జేబులో పెట్టుకోవచ్చు. వైరస్‌కి కౌంటీ సరిహద్దు ఎవరు చూపించారని వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే జోకులు మొదలయ్యాయి. జోకు బాగానే ఉంది. కాకపోతే అందరూ దాన్ని శాంటా క్లారా మీద వేస్తున్నారు. వేయాల్సింది ఫ్రీమాంట్ మీద.

మేం చెప్పదలచింది ముందే చెప్పేస్తాం. రూలు ఉన్న కౌంటీలో ఉన్నా, లేని కౌంటీలో ఉన్నా, వచ్చే కొన్ని వారాలు గుళ్ళో, సంగీతం క్లాసులో, కమ్యూనిటీ హాల్లో, పదిమందిని పిలిచిన ఇంట్లో మాస్కు తీయకండి. మార్చి 1న శివరాత్రి. ఏప్రిల్ 2న ఉగాది. వాయిదా వేసి వేసి విసిగిపోయిన బారసాలలు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు అన్నీ ఈ రెండు పండగల మధ్యే పెట్టుకుంటున్నారు. రూలు పోయిందన్న వార్తా, పండగల హడావుడీ ఒకేసారి వచ్చి పడ్డాయి. అందుకే ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాం.

తగవు ఎక్కడుందో కాస్త వివరంగా చూడాలి. గవర్నర్ న్యూసమ్ ఫిబ్రవరి 7న ఈ ప్రకటన చేస్తూ ఒమిక్రాన్ శిఖరం నుంచి కేసులు 65 శాతం తగ్గాయని చెప్పారు. రెండు రోజుల తర్వాత శాంటా క్లారా కౌంటీ హెల్త్ ఆఫీసర్ డాక్టర్ సారా కోడీ, తమ కౌంటీలో మాస్కు ఇంకా ఉంటుందన్నారు. తీయడానికి ఆమె మూడు షరతులు పెట్టారు. కౌంటీ జనాభాలో 80 శాతానికి టీకా పూర్తి కావాలి, అది ఇప్పటికే అయింది. ఆస్పత్రుల్లో చేరేవాళ్ళ సంఖ్య తగ్గి నిలకడగా ఉండాలి. కొత్త కేసులు ఏడు రోజుల సగటున రోజుకు 550కి దిగి, కనీసం ఒక వారం అక్కడే ఉండాలి. ఈ మూడోదే ఇంకా అందలేదు. దక్షిణాన లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఆరోగ్య శాఖ డైరెక్టర్ బార్బరా ఫెరర్ కూడా ఇలాంటి గీతే గీశారు. అక్కడ రోజుకు 730 కేసులకు దిగి వారం రోజులు నిలవాలి.

కోడీ ఎవరో తెలియని పాఠకులకు ఒక మాట. 2020 మార్చిలో దేశంలో అందరికంటే ముందు జనాన్ని ఇళ్ళలో ఉండమన్న బే ఏరియా ఆరోగ్యాధికారుల్లో ఆమె ఒకరు. మొహం మీద చెయ్యి పెట్టుకోవద్దని చెబుతూనే, కాగితం తిప్పడానికి వేలు నాలిక్కి తాకించుకుని ప్రపంచమంతటినీ నవ్వించిన వీడియో కూడా ఆవిడదే. తర్వాత బెదిరింపులు వచ్చి ఆమెకు పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా అందరూ తలూపినచోట ఒక్కతే అడ్డం తిరిగి, ఎందుకో అంకెలతో చెప్పడం మాటలు కాదు.

రాష్ట్రం ఇచ్చింది తేదీ. శాంటా క్లారా ఇచ్చింది అంకె. జబ్బు ఎలా ఉన్నా తేదీ దానంతటది వచ్చేస్తుంది. జబ్బు తగ్గితేనే అంకె వస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరిని చూస్తూ పెరిగినవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు దాటిన వరద 49కి దిగితే టీవీలో ‘తగ్గుముఖం’ అని వస్తుంది, అది నిజమే. కానీ 48 మీద ఉన్నంతసేపూ అది రెండో హెచ్చరికే. ముంపు ఊళ్ళవాళ్ళని పునరావాస కేంద్రం నుంచి ఎవరూ ఇళ్ళకు పంపరు. హెచ్చరిక తీసేది నీటిమట్టం చూసి. ‘వరద వచ్చి రెండు నెలలైంది, జనం విసిగిపోయారు’ అని తీసిన కలెక్టర్ ఉంటే ఆయన్ని ఏమనేవాళ్ళమో ఆలోచించండి. 65 శాతం తగ్గింది, సరే. ఎంత ఎత్తు నుంచి తగ్గిందన్నది కూడా చూడాలి. మొన్నటి జనవరి, ఈ మహమ్మారి మొత్తంలోనే అతి ఎత్తైన శిఖరం. దాంట్లో మూడో వంతు మిగిలినా తక్కువేం కాదు. ఈ నెల 4న అమెరికాలో కోవిడ్ చావులు 9 లక్షలు దాటాయి. ఇవాళ్టికీ దేశంలో రోజుకు రెండు వేల మందికి పైగా పోతున్నారు.

తీసేయాలనేవాళ్ళ మాటల్లో పస లేదని మేం అనం. హోటల్ గుమ్మం నుంచి టేబుల్ దాకా మాస్కు, కూర్చున్నాక రెండు గంటలు ఖాళీ మొహం. దీంట్లో అర్థం మాకూ కనబడలేదు. నిన్న ఇంగిల్‌వుడ్‌లో సూపర్ బౌల్‌కి దాదాపు 70 వేల మంది వచ్చారు. మాస్కు తప్పనిసరి అన్న చోట, టీవీలో మాస్కున్న మొహం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఇవాళ పొద్దున అదే రాష్ట్రంలో ఒకటో తరగతి పిల్లలు మాస్కులతో అక్షరాలు పలుకుతున్నారు. బడుల్లో నిబంధన ఇంకా పోలేదు మరి. పిల్లలకో న్యాయం, ఫుట్‌బాల్‌కో న్యాయమా అని తల్లిదండ్రులు మండిపడితే తప్పు పట్టలేం. రెండు వారాల కిందట అదే స్టేడియంలో గవర్నరూ, లాస్ ఏంజెలెస్ మేయర్ ఎరిక్ గార్సెట్టీ మాస్కు లేకుండా మాజీ బాస్కెట్‌బాల్ స్టార్ మ్యాజిక్ జాన్సన్ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అడిగితే గార్సెట్టీ, ఫొటో తీసినంతసేపూ ఊపిరి బిగబట్టానన్నారు. ఈయన మన దేశానికి రాయబారిగా నామినేట్ అయిన మనిషి. ఢిల్లీ చలికాలపు గాలిలో ఆ విద్య పనికొస్తుందేమో.

కోపం న్యాయమే. కానీ పెద్దమనిషి రూలు తప్పాడు కాబట్టి రూలే తప్పు అనడం తర్కం కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మాస్కు పెట్టుకోనివాళ్ళకు జరిమానాలు వేశారు. ఆ ఊరి మేయర్ జేమ్స్ రాల్ఫే బాక్సింగ్ పోటీలో మాస్కు లేకుండా దొరికి 50 డాలర్లు కట్టారు. మాస్కు రూలు వెనకున్న ఆరోగ్యాధికారి విలియం హాస్లర్‌కీ 5 డాలర్లు పడింది. నూరేళ్ళు దాటినా ఈ విషయంలో పెద్దమనుషులు మారలేదు.

ఆ కథలో మనం గమనించాల్సింది జరిమానాలు కాదు, ఆ తర్వాత జరిగింది. నవంబర్ 21 మధ్యాహ్నం పన్నెండింటికి ఊరంతా కూతలు మోగాయి. మాస్కు రూలు అయిపోయింది. జనం మాస్కులు పీకి వీధుల్లోనే విసిరేశారు. డిసెంబర్‌లో జబ్బు మళ్ళీ లేచింది. హాస్లర్ మళ్ళీ మాస్కు పెట్టమంటే జనమూ వినలేదు, నగర పాలకులూ ఒప్పుకోలేదు. చివరికి 1919 జనవరి 17న రూలు తెస్తే, దానికి వ్యతిరేకంగా ఏకంగా ఒక ‘యాంటీ మాస్క్ లీగ్’ పుట్టి పెద్ద సభ పెట్టింది. ఫిబ్రవరి 1న రూలు పోయింది. ఆనాటి గాజుగుడ్డ మాస్కులు అంతగా పనిచేసి ఉండవు, ఆ సంగతి ఒప్పుకోవాలి. మాస్కు గొప్పదనం చాటడానికి ఈ కథ పనికిరాదు. ఈలలు వేసి ఒకసారి తీసినదాన్ని మళ్ళీ తగిలించడం ఎంత కష్టమో చెప్పడానికి మాత్రం పనికొస్తుంది. అంత వెనక్కి పోనక్కర్లేదు కూడా. కిందటేడు జూన్ 15న కాలిఫోర్నియా అంతా తెరిచారు, టీకా వేసుకున్నవాళ్ళు మాస్కులు తీశారు. డెల్టా వచ్చి ఆగస్టు 3న బే ఏరియా కౌంటీలు మళ్ళీ పెట్టాయి. ‘ఇప్పుడు కూడా తీయకపోతే రేపు అవసరమైనప్పుడు జనం వినరు’ అని ఇవాళ చాలామంది అంటున్నారు. వాళ్ళ వాదనల్లో గట్టిది ఇదేనని మా అభిప్రాయం. మా జవాబూ దాంట్లోంచే వస్తుంది. తీస్తే ఒక్కసారే, మళ్ళీ పెట్టాల్సిన పని లేనప్పుడు తీయండి. కోడీ అడుగుతున్నది కొన్ని వారాలు. కొన్నేళ్ళు కాదు.

కేసుల లెక్కలకంటే మమ్మల్ని ఎక్కువ భయపెట్టే విషయం ఇంకోటి ఉంది. దాని గురించి ప్రెస్‌మీట్లలో ఎవరూ మాట్లాడరు.

జనవరిలో ఒక బారసాలలో చూసిందే చెబుతాం. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, లోపల బొట్టు పెట్టే పళ్ళెం పక్కన మాస్కుల డబ్బా. వచ్చినవాళ్ళు ఓ పావుగంట మాస్కుతో కూర్చున్నారు. తర్వాత కాఫీలు వచ్చాయి. కాఫీ తర్వాత ఎవరి మాస్కూ పైకి ఎక్కలేదు, గడ్డాల కిందే ఉండిపోయాయి. ‘ఫొటోకి ఒక్క నిమిషం’ అన్న కేక ఓ పదిసార్లు వినబడింది. మూడు నెలల పాపని ఎత్తుకున్న ఒక కోడలు మాత్రం ఓ మూల మాస్కుతో కూర్చుంది. పాపని ముద్దు చేయడానికి వచ్చిన పెద్దావిడ, “ఏవమ్మా, మేమేం రోగిష్టివాళ్ళమా? అందరం మనవాళ్ళమే కదా” అంది నవ్వుతూనే. ఆ అమ్మాయి కూడా నవ్వుతూనే, “కౌంటీ రూలండీ పిన్నిగారూ, ఏం చేస్తాం!” అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. పెద్దావిడ నొచ్చుకోలేదు. అత్తగారు కళ్ళెర్ర చేయలేదు. పాప దగ్గరికి ఎవరూ మొహం పెట్టలేదు.

మాస్కు రూలు చేసిన పెద్ద పని మా దృష్టిలో ఇదే. చెప్పలేనివాళ్ళ తరఫున అది చెప్పింది. మన ఇళ్ళల్లో మాస్కు పెట్టుకుని కూర్చుంటే ఎదుటివాళ్ళని అనుమానించినట్టు. తీయమంటే తీయకపోవడం పొగరు. ‘మనవాళ్ళే’ అన్న మాట ముందు ఏ డాక్టరు సలహా నిలవదు. ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్‌కి ఎదురు చెప్పగలిగిన మనిషి కూడా మేనమామ భార్య ముందు నోరెత్తలేడు. అలాంటిచోట నిందంతా నెత్తిన వేసుకోవడానికి కౌంటీ ఒకటి ఉండేది. బుధవారం నుంచి ఫ్రీమాంట్‌లో, డబ్లిన్‌లో, శాన్ రామన్‌లో అది ఉండదు. కిరాణా కొట్టు కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడు కస్టమర్‌ని మాస్కు అడగలేడు, యజమాని ముందు తను పెట్టుకోవడానికే జంకుతాడు. టీకా వేయించుకోనివాళ్ళకు రాష్ట్ర నిబంధన ఇంకా ఉంది. అడిగేదెవరు? రూలు తీసేయడమంటే ఎవరిష్టం వాళ్ళదని అంటున్నారు. పెద్దవాళ్ళ మాటకు లోబడి బతికేవాళ్ళకు ఇష్టమంటూ ఎప్పుడుందో, ఆ అనేవాళ్ళే చెప్పాలి.

ఆ మూల కూర్చున్న పాపకి టీకా లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలెవరికీ లేదు. ఈ నెలలో వస్తుందని ఆశపెట్టారు. మొన్న శుక్రవారం ఎఫ్‌డీఏ, ఫైజర్ టీకా మీద ఈ వారం జరగాల్సిన సలహా సంఘం సమావేశాన్ని వాయిదా వేసింది. మూడో డోసు ఫలితాలు వచ్చేదాకా ఆగుతారట. అది సరైన పనే కావచ్చు. కానీ పసిపిల్లల టీకా వాయిదా పడిన వారంలోనే పెద్దల మాస్కు ఊడుతోంది.

తర్వాత, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. రెండేళ్ళ తర్వాత మనవల్ని చూడడానికి వచ్చారు. చాలామందికి షుగరు, బీపీ, గుండెలో ఓ స్టెంటు. రెండు డోసులు ఊళ్ళో వేయించుకునే వచ్చారు. మన దేశంలో అరవై దాటి జబ్బులున్నవాళ్ళకు ‘ప్రికాషన్ డోసు’ మొదలైందే జనవరి 10న, అంతకు ముందే విమానం ఎక్కినవాళ్ళకు అది పడలేదు. ఇక్కడ ఫార్మసీకి తీసుకెళ్ళి బూస్టర్ వేయించారా? వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదివారా? వయసు పెరిగేకొద్దీ పరిమితి తగ్గుతుంది, ముందునుంచి ఉన్న జబ్బులు చాలా పాలసీల్లో లెక్కలోకి రావు. ఐసీయూలో నాలుగు రోజులుంటే బిల్లు ఎంతవుతుందో ఈ దేశంలో ఉంటున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. పాక్స్‌లోవిడ్ మాత్రలున్నాయి కదా అంటే, ఉన్నాయి, కానీ అడిగిన ప్రతిచోటా దొరికేంత సరఫరా ఇంకా లేదు.

సరిగ్గా కిందటేడు ఈ రోజుల్లో మన దేశంలో రోజుకు పది పన్నెండు వేల కేసులుండేవి. అయిపోయిందన్నారు, ముహూర్తాలు పెట్టుకున్నారు, మాస్కులు గడ్డాల కిందికి జారాయి. మే మొదటి వారానికి రోజుకు 4 లక్షలు దాటింది. ఈ పత్రిక చదివే ఎన్ని ఇళ్ళల్లో ఆ మే నెల ఏం మిగిల్చిందో మాకు తెలుసు. వెళితే వీసా స్టాంపింగ్ దొరకదని, తిరిగి రాలేమని, తండ్రి దినకర్మ జూమ్‌లో చూసినవాళ్ళు మనలో ఉన్నారు. అప్పటి డెల్టా వేరు, ఇప్పటి ఒమిక్రాన్ వేరు. అప్పుడు అక్కడ చాలామందికి టీకాలు అందలేదు, ఇప్పుడిక్కడ అందాయి. ఆ ఉత్పాతం మళ్ళీ వస్తుందని బెదిరించడం లేదు. ‘అయిపోయింది’ అన్న మాట ఆ ఫిబ్రవరిలోనూ ఇంత నమ్మకంగానే అన్నారు, అంతే.

ఇక సంగీతం సంగతి. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధనకు 61 మంది వెళ్ళారు. వాళ్ళలో 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. వాళ్ళు కావలించుకోలేదు, కరచాలనం చేయలేదు, రెండున్నర గంటలు కలిసి పాడారు. పాటకి లోతుగా ఊపిరి తీయాలి, గట్టిగా వదలాలి. మూసిన గదిలో ఆ తుంపర పొగలా నిలిచిపోతుంది. మన సంగీతం క్లాసులు ఎక్కడ జరుగుతాయి? టీచరు గారి లివింగ్ రూమ్‌లో, కిటికీలు మూసి, హీటర్ వేసి, ఎనిమిది మంది పిల్లలు జంట స్వరాలు పాడుతుంటారు. టీచరు గారికి అరవై దాటి ఉంటాయి. ఫీజు ఇచ్చే తల్లిదండ్రులతో ‘మాస్కు పెట్టి పంపండి’ అనడానికి ఆవిడకు ఎంత మొహమాటమో. ఆ మాట మీరే అనండి.

మాస్కు అంటే ఏ మాస్కు అన్నది కూడా ముఖ్యమే. పట్టుచీరకి మ్యాచింగ్‌గా జాకెట్టు ముక్కతో కుట్టించిన మాస్కు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పని అంతంతమాత్రం. కాలిఫోర్నియాలోనే నిరుడు జరిపిన ఒక సర్వేని సీడీసీ ఈ నెల 4న ప్రచురించింది. మూసిన చోట్లలో ఎప్పుడూ మాస్కుతో ఉన్నామని చెప్పినవాళ్ళు, అసలు పెట్టుకోనివాళ్ళకంటే జబ్బున పడే అవకాశం తక్కువగా కనబడింది. ఎన్95, కేఎన్95 అయితే 83 శాతం తక్కువ, సర్జికల్ అయితే 66 శాతం, గుడ్డ మాస్కు అయితే 56 శాతం. ఆ చివరి అంకెని గట్టిగా నమ్మడానికి లేదని ఆ నివేదికే చెప్పింది. జనం నోటిమాట మీద ఆధారపడ్డ సర్వే కాబట్టి ఈ అంకెల్ని తూచా తప్పకుండా తీసుకోనక్కర్లేదు. వరస మాత్రం స్పష్టం. ప్రభుత్వం 40 కోట్ల ఎన్95లు ఉచితంగా పంచుతోంది, మీ దగ్గరి ఫార్మసీలో అడగండి. ఇంటికి నాలుగు టెస్టు కిట్లు పోస్టులో పంపిస్తున్నారు, ఇంకా అడగకపోతే ఇవాళే ఆర్డర్ పెట్టండి.

పిలిచేవాళ్ళకు మా మనవి. రూలు చేసే పని ఇప్పుడు మీ మీద పడింది. వచ్చిన అతిథి మొహమాటపడి, గొంతు తగ్గించి, కారణాలు చెప్పుకునే స్థితి తేకండి. ఆహ్వానంలోనే రాసేయండి. ఫిబ్రవరిలో కూడా మన మధ్యాహ్నాలు వెచ్చగానే ఉంటున్నాయి, భోజనం పెరట్లో పెట్టండి. ఫొటోలు కూడా అక్కడే, అప్పుడు ఎవరూ ఊపిరి బిగబట్టక్కర్లేదు. గుడి కమిటీలు శివరాత్రికి ప్రసాదం డబ్బాల్లో కట్టి ఇవ్వాలి, తలుపులు బార్లా తీసి ఉంచాలి. కొట్ల యజమానులు తలుపు మీద ‘మాస్కుతో రండి’ అన్న కాగితం తీయకూడదు. కౌంటీ అడగకపోయినా కొట్టువాళ్ళు అడగొచ్చు, ఆ హక్కు ఎక్కడికీ పోలేదు. శాంటా క్లారాలో రూలుందని హాలు ఫ్రీమాంట్‌కి మారుద్దామన్న మాట అక్కడక్కడా వినబడుతోంది. దయచేసి ఆ పని చేయకండి.

పిలుపు అందుకున్నవాళ్ళకు ఒకటే. ఎవరైనా మాస్కుతో కూర్చుంటే ఎందుకని అడగకండి. కీమో చేయించుకుంటున్నారో, గర్భిణో, ఇంట్లో నెలల పిల్ల ఉందో మీకు చెప్పాల్సిన పని వాళ్ళకు లేదు.

ఎన్నాళ్ళు అంటారా? శాంటా క్లారా కౌంటీ వెబ్‌సైట్‌లో ఆ ఏడు రోజుల సగటు కనబడుతుంది, ఎవరైనా చూడొచ్చు. మీరు ఏ కౌంటీలో ఉన్నా దాన్నే గుర్తుగా పెట్టుకోండి. 550కి దిగి వారం నిలిచాక మాస్కు తీసేయండి, మేమూ తీస్తాం. ఈ శనివారం ఫంక్షన్ ఉన్నవాళ్ళు మాత్రం రేపటిదాకా ఆగకుండా ఈ రాత్రే గ్రూపులో మెసేజ్ పెట్టండి: “లోపల అందరం మాస్కులతో ఉందాం, భోజనాలు బయట.” ఇంతకంటే ఏమీ రాయనక్కర్లేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, ఇది మా ఇంటి రూలని చెప్పండి.